ఖాళీ చివర నీలం తలుపు

పది దాటి నాలుగు నిమిషాలైంది. ఇంకా యాభై ఆరు నిమిషాలు నోరు విప్పకూడదు. కంటి ఆసుపత్రి రెండో మలుపు దగ్గర, గోడకి ఆనించిన ఇనప బెంచీ, ఒళ్ళో అట్ట, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం, కాగితం మీద మూడు గడులు: ఆగకుండా వెళ్ళినవాళ్ళు, ఆగి వెళ్ళినవాళ్ళు, అడిగినవాళ్ళు. డిజైన్ కాలేజీలో ఈ పరీక్షకి పెద్ద పేరేదో ఉంది గానీ పిల్లలందరూ నోరుకుట్టు గంట అనే అంటారు. నువ్వు చేసినదాని పక్కన నువ్వే ఒక గంట కూర్చోవాలి, ఎవరేం అడిగినా జవాబు చెప్పకూడదు, వేలు చూపించకూడదు, కనుబొమ్మ కూడా ఎగరెయ్యకూడదు. నువ్వు మాట్లాడాల్సి వచ్చిందంటే నీ పని మాట్లాడలేదన్నమాట, అంటారు ఖాళీ మాస్టారు. ఆయన అసలు పేరు కాలేజీ రిజిస్టరుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఏ బొమ్మ తీసుకెళ్ళినా చేతులు వెనక్కి కట్టుకుని తీరిగ్గా చూసి, అంతా బాగుంది, ఖాళీ ఏదీ అని అడిగే మనిషి. మొదటి సంవత్సరంలో ఆ మాట వింటే, ఇప్పుడీ బెంచీ మీదున్న అమ్మాయికి ఒళ్ళు మండిపోయేది. కాగితం కొనుక్కునేది నింపడానికి కదా అనుకునేది. ఇప్పుడు ఆ ఖాళీ మీదే ప్రాణాలన్నీ పెట్టుకుని కూర్చుంది.

ప్రాణాలంటే ఊరికే అన్న మాట కాదు. పావు తక్కువ పదకొండుకి అత్త రావాలి, నాన్నకి అక్క, అమ్మానాన్నలకి ఏడాదికో చోటికి బదిలీలైతే నాలుగో ఏట నుంచీ ఈమెని పెంచిన అత్త, ఇప్పుడు చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతున్న అత్త. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తోందని డాక్టరు చెప్పారు. పోయింది తిరిగి రాదమ్మా, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి, ఎంత ఉందో కొలిస్తేనే ఏ చుక్కలు ఎన్నిసార్లు వెయ్యాలో చెప్పగలను అన్నారు. ఆ కొలత పోయిన నెల జరగాల్సింది. జరగలేదు. అత్త వచ్చింది, గది దొరకలేదు, వెనక్కి వెళ్ళిపోయింది, ఇంక ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కనంది. మూడు వారాలు బతిమాలితే నిన్న, "సరే, ఒక్కసారే. నువ్వు తోడొస్తే రాను. మళ్ళీ దారి తప్పానంటే ఇంక నన్ను అడక్కు" అంది. నాకు రేపు క్లాసుంది అత్తా, ఎలాగూ రాలేను, అని ఈమె ముఖం తిప్పుకుని అబద్ధమాడింది. ముఖం తిప్పుకోనక్కర్లేదు కూడా, కొంచెం పక్కకి జరిగి నిలబడితే చాలు, అత్తకి కనిపించదు.

ఇదిగో ఎవరో వస్తున్నారు, ఒక కంటికి తెల్ల గుడ్డ కట్టుకున్న పెద్దాయన, చెయ్యి గోడకి ఆనించి, తల వంచుకుని. నేల మీద జానెడు వెడల్పున ముదురు నీలం పట్టీ, పాలిపోయిన బూడిదరంగు నేల మీద, బయటి తలుపు నుంచి మొదలై ఇక్కడిదాకా. మలుపు రాబోతోందంటే పట్టీ మూడు ముక్కలుగా తెగుతుంది, ముక్క, ముక్క, ముక్క, దగ్గరదగ్గరగా, నడకలో అడుగు తగ్గించినట్టు, ఆ తర్వాత వంపు తిరుగుతుంది. పెద్దాయన మూడు ముక్కల దగ్గరకి వచ్చాడు. ఆయన తల ఎత్తలేదు, ఆలోచించలేదు, ఎవరికోసమూ చూడలేదు, అడుగు మాత్రం చిన్నదైంది, పాదం కుడికి తిరిగింది. అంతే. ముక్కూ మొహం తెలియని మనిషి పాదం, ఈమె ఒక మధ్యాహ్నం బల్ల మీద పెన్సిలుతో అనుకున్నచోట, అనుకున్నట్టే తిరిగింది. మూడు గీతలు దగ్గరగా గీస్తే మనిషి నెమ్మదిస్తాడట. ఇది పుస్తకంలో ఉంది, లయ అనే అధ్యాయంలో, పరీక్షకి బట్టీ పట్టింది కూడా. కానీ పుస్తకంలో పాదం లేదు, అరిగిన చెప్పు లేదు, ఆ చెప్పు తిరిగినప్పుడు నేల మీద వచ్చిన ఆ చిన్న చప్పుడు లేదు. మొదటి గడిలో ఒక గీత పెట్టింది. కళ్ళు ఆ పాదం మీదే ఉండిపోయి గీత వంకరపోయింది.

వంకర గీతలు ఈమెకి కొత్తేం కాదు. చిన్నప్పుడు వరండా గోడ నిండా గీకేస్తే అత్త తిట్టకుండా, గీకుడూ, ఇందులో మీ నాన్న ఎక్కడున్నాడో చూపించు అని అడిగేది, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. కానీ పోయిన నెల గీసింది వంకర గీత కాదు, తిన్నని బాణం, కొలతలన్నీ సరిపోయిన చక్కటి బాణం, అదే కొంప ముంచింది. సమతూకం పాఠం అప్పుడే తలకెక్కి ఉంది. ఈ మలుపుకే ఒక బోర్డు చెయ్యమన్నారు: పైన చూపు పరీక్ష అని అక్షరాలు, కింద పెద్దగా పద్నాలుగు అంకె, ఒక బాణం. అంకె కుడివైపు బరువుగా కూర్చుంది, బాణం కూడా అటే ఉంటే బోర్డంతా కుడిపక్కకి ఒరిగిపోతున్నట్టు అనిపించింది. బాణాన్ని ఎడమ చివరికి లాగింది. ఇంకా ఏదో వెలితి, మొన లోపలికి, అంకె మీదికి పొడుచుకొస్తోంది. తిప్పేసింది. కంప్యూటరు మీద ఒక్క నొక్కు. మొన బయటికి చూడగానే బోర్డు ఊపిరి పీల్చుకున్నట్టయింది, ఎంత బాగుందంటే తనే రెండుసార్లు లేచి దూరం నుంచి చూసుకుంది, క్లాసులో గోడకి పెడితే అందరూ మెచ్చుకున్నారు, ఖాళీ మాస్టారు కూడా మొదటిసారి ఖాళీ ఏదీ అనలేదు. క్లాసు గోడకి ఏ గది ఎటుందో ఏం తెలుసు. ఆసుపత్రి ఎలక్ట్రీషియను ఇచ్చిన బోర్డు ఇచ్చినట్టే తగిలించాడు, రెండు రోజుల ప్రయోగం అన్నారు, ఆ రెండో రోజునే అత్త వచ్చింది. పద్నాలుగో గది కుడివైపు. బాణం ఎడమవైపు.

ఎడమ చివర దుప్పట్లు మడతపెట్టే గది. అక్కడ పనిచేసే ఆవిడ, ఎవరో పెద్దావిడ అలిసిపోయి వచ్చిందనుకుని స్టూలు వేసిందట. ఇక్కడే పిలుస్తారు కాబోలనుకుని అత్త గంటంబావు కూర్చుంది. అడగొచ్చు కదా అని ఎవరైనా అంటారు, అత్తని ఎరగనివాళ్ళు. అత్త టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఎంక్వైరీ ఆపరేటరు, ఊరంతా అడిగితే జవాబు చెప్పిన మనిషి. ఆసుపత్రి ఎక్కడ, అగ్నిమాపకం నంబరెంత, ఫలానా మందుల షాపు ఎన్నింటికి తెరుస్తారు, అన్నీ. అలాంటి మనిషికి ఒక గుమ్మం దగ్గర నిలబడి, బాబూ ఇది ఏ గది అని అడగడానికి ముఖం చెల్లలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, కోపం లేకుండా అంది: "వాళ్ళ గోడలు అబద్ధాలు చెప్తాయే. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళల్లో ఒక్క తప్పు నంబరు ఇవ్వలేదు." ఈమె అప్పుడు స్టవ్వు దగ్గర ఉంది, ఆ బోర్డు ఎలా ఉందత్తా అని అడిగింది, అడుగుతూనే తెలిసిపోయింది. నాదే అత్తా అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. నెల రోజులుగా అక్కడే ఉంది.

గడియారంలో పదీ ఇరవై. ఆగకుండా వెళ్ళినవాళ్ళు పదకొండు మంది, ఆగినవాళ్ళు ఇద్దరు, అడిగినవాళ్ళు ఎవరూ లేరు. లైట్ల వెలుగు నేల మీద పల్చగా పరుచుకుంది, నీలం పట్టీ మాత్రం లోతుగా, ఆ నేలకి అడుగున ఇంకేదో ఉన్నట్టు. రంగు డబ్బాలో అది నీలమే, మామూలు నీలం. ఈ పాలిపోయిన నేల పక్కన పెట్టేసరికి ఇంత గొంతు దానికి ఎక్కణ్ణుంచి వచ్చింది. కాంట్రాస్ట్ అంటే ఇదేనని నేర్పింది మాస్టారు కాదు, అత్తే. తెల్ల కప్పులో పాలు పోసుకుంటూ పొర్లించేసేది, చూస్తూనే, నిండిందో లేదో తెలియక. ఒకరోజు ఆ తెల్ల కప్పులన్నీ పైన సర్దేసి నల్ల కప్పు తెచ్చుకుంది. పెరటి మెట్టు అంచుకి ఎర్ర గుడ్డ పీలిక మేకులతో కొట్టింది. తాళంచెవులు తెల్ల గోడకి కాకుండా చెక్క తలుపుకి తగిలించింది. ఇదంతా ఎవరు చెప్పారత్తా అంటే, "ఎవరు చెప్పాలి, కనబడనిది చోటు మారిస్తే కనబడుతుంది" అంది. ఎక్స్ఛేంజి బోర్డు మీద కూడా అంతేనట, ఆపదల్లో పనికొచ్చే లైన్లన్నీ ఒక మూలకి చేర్చి, వాటి ప్లగ్గుల తాళ్ళకి తన పాత రిబ్బను ముక్కలు కట్టుకుందట, పై అధికారి అరిచాడట, వారం తర్వాత మిగతా ఆపరేటర్లందరూ అలాగే కట్టుకున్నారట. దగ్గరివాటిని దగ్గర చేర్చడం, ముఖ్యమైనదానికి రంగు. రెండేళ్ళుగా ఫీజు కట్టి నేర్చుకుంటున్నదంతా ఇంట్లో వంటగదిలో తిరుగుతూనే ఉంది, తనే చూడలేదు. ఆ రోజు నల్ల కప్పు చేతిలో పట్టుకుని చాలాసేపు అలా నిలబడిపోయింది, గుడిలాంటి చోట నిలబడినట్టు.

ఏడాది క్రితం, ఈ గది ఇంకా పాత భవనంలో ఉన్నప్పుడు, మొదటి కొలతకి అత్తతో తనే వచ్చింది. గిన్నెలాంటి తెల్లటి యంత్రం, అందులో గడ్డం ఆనించి, నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి, ఎక్కడో ఒకచోట చిన్న దీపం వెలుగుతుంది, కనిపిస్తే చేతిలో మీట నొక్కాలి. అత్త నవ్వేసింది. "ఇది నా పాత ఉద్యోగమే కదండీ. దీపం వెలగ్గానే అందుకోవాలి." అయిపోయాక మీట తిరిగి ఇచ్చేస్తూ, "ఎన్ని కాల్స్ పోయాయి డాక్టరుగారూ?" అని అడిగింది. డాక్టరు కాగితం బల్ల మీద పెట్టారు. నలుపు, నలుపు, అంచుల్లో బూడిద చుక్కలు, నడుమ చిన్న తెల్లటి దీవి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఈమెకి అది ఎంత గొప్ప కూర్పు అనిపించింది, ఎక్కడ చూసినా కన్ను తిరిగి ఆ తెలుపు దగ్గరికే వెళ్తోంది. మరుక్షణం అది అత్త చూపు అని గుర్తొచ్చి చచ్చేంత సిగ్గేసింది. ఇప్పుడు మాత్రం సిగ్గుతో పాటు ఇంకోటి కూడా ఉంది, దానికి పేరు లేదు. ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని ఈ పట్టీ గీసింది. రెండు అట్ట గొట్టాలు కళ్ళకి కట్టుకుని వారం రోజులు ఈ వరండాలో తిరిగింది, చూపు పరీక్ష గది నర్సు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. గొట్టాల్లోంచి చూస్తే పైకప్పుకి వేలాడే బోర్డులు ఈ లోకంలోనే లేవు. ఉన్నది పళ్ళెమంత ప్రపంచం, కాళ్ళకి నాలుగడుగుల ముందు. ఇన్నాళ్ళూ తను గోడలకి బొమ్మలు వేసింది, చూసేవాళ్ళేమో నేల మీద బతుకుతున్నారు.

మొదట పట్టీని తలుపు దాకా వేసింది. గొట్టాలతో నడిచొచ్చి, నేలనే చూస్తూ, తలుపుకి నుదురు ఠపీమని కొట్టుకుంది, బొప్పి కట్టింది. అందుకని పట్టీని ఇక్కడితో ఆపేసింది, ఈ రెండో మలుపు దాటగానే. ఇక్కణ్ణుంచి తలుపు దాకా పద్నాలుగు అడుగులు, నేలా ఖాళీ, గోడా ఖాళీ. ఆ గోడ మీదున్న తొమ్మిది పోస్టర్లూ పీకించేసింది, "ఇంత గోడ వృథాగా వదిలేస్తావా అమ్మాయ్" అని నర్సు నెత్తీ నోరూ బాదుకుంది, జనం తికమకపడితే మళ్ళీ తగిలించేస్తానంది. చివరన తలుపు ఒక్కటే, పట్టీ రంగే, నీలం. దారి అయిపోయినప్పుడు మనిషి తలెత్తుతాడు, తలెత్తితే కనబడటానికి ఒక్కటే మిగలాలి. కాగితం మీద ఇది బాగానే ఉంది. కాగితం మీద బాణం కూడా బాగానే ఉంది.

పదీ ముప్ఫై ఎనిమిది. వరండా ఆ చివర, బూడిదరంగు చీర, చేతిలో మడిచిన గొడుగు. అత్త నడక ఇంట్లో అయితే చకచకా ఉంటుంది, ఇక్కడ ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటున్నట్టు, తల కొంచెం వంచి, చూపు కాళ్ళకి నాలుగడుగుల ముందు. పట్టీ దొరికింది. దొరికిందని ఎలా తెలిసిందంటే గొడుగు కొన నేల మీద తాటించడం మానేసింది. మొదటి మలుపు, ముక్క, ముక్క, ముక్క, అడుగు చిన్నదైంది, తిరిగింది. ఒకప్పుడు ఈ చేతులే వేలు పట్టుకుని ఈమెని బడికి నడిపించాయి, పడతావే, చూసుకో, చూసుకో అంటూ. ఇప్పుడు నేల మీద తను గీసిన గీత అత్త వేలు పట్టుకుని తీసుకొస్తోంది. రెండో మలుపు. అత్త బెంచీకి మూరెడు దూరంలోకి వచ్చింది, కొబ్బరినూనె వాసన, ఉతికిన చీర వాసన, చెయ్యి చాపితే అందేంత దగ్గర. అత్తా అని పిలవడం ఎంతసేపు. అత్త ఈమెని చూడకుండా దాటేసింది. చూడలేక దాటేసింది. ఆ నల్లటి అంచులో, ఆ కాగితం మీద సిరా దట్టంగా ఉన్నచోట, ఇప్పుడు తను కూర్చుని ఉంది.

పట్టీ అయిపోయింది. అత్త ఆగింది. రెండో గడిలో గీత పెట్టాలి, పెన్ను కదలలేదు. అత్త నేల మీద వెతికింది, కొంచెం కుడికి, కొంచెం ఎడమకి. ఎడమకి ఒక అడుగు వేసింది. వద్దు. ఈమె పళ్ళ మధ్య పెదవి నొక్కుకుంది, ఉప్పగా తగిలింది. ఖాళీ మాస్టారూ, మీ ఖాళీ ఇదేనా, ఒక మనిషి ఇందులో మునిగిపోతే ఎవరు లాగుతారు, ఆ తొమ్మిది పోస్టర్లలో ఒక్కటైనా ఉంచాల్సింది, ఒక్క బాణం, నిజం బాణం. అత్త ఇంక నేలని వదిలేసింది. మెల్లగా తలెత్తింది. గోడ మీద చూపు ఆనలేదు, ఆనడానికి అక్కడేం లేదు, ఒక మరక లేదు, ఒక మేకు లేదు, చూపు జారింది, తెల్లగా, ఆగకుండా జారుతూ వెళ్ళి, చివర నీలం దగ్గర ఆగింది. అత్త భుజాలు దిగాయి. ఊపిరి వదిలిన చప్పుడు ఇక్కడికి వినబడింది. ఆ తర్వాత నడిచింది, చకచకా, ఇంట్లో నడిచినట్టు, పద్నాలుగు అడుగుల ఖాళీలో, గొడుగు చంకలో పెట్టుకుని. ఈమెకి కళ్ళు మసకబారి ఒక్క క్షణం ఏమీ కనిపించలేదు. ఏమీ గీయకపోవడంతో ఇంత పని జరుగుతుందని నమ్మడానికి ఇంకా భయంగానే ఉంది.

తలుపు పక్క బెంచీ మీద అత్త కూర్చుంది. నర్సు చీటీ తీసుకుని, కొంచెం ఆలస్యమవుతుందండీ అని లోపలికెళ్ళింది. అప్పుడే ఎవరో ఆయన, నల్ల కళ్ళద్దాలు, చేతిలో మందుల సంచీ, పట్టీ చివర నిలబడి కంగారుగా అటూ ఇటూ చూసి, బెంచీ మీదున్న ఈమె దగ్గరికొచ్చాడు. "అమ్మా, చూపు పరీక్ష ఎటమ్మా? ఈ గీత ఇక్కడే ఆగిపోయిందేంటి?" ఈమె ఒళ్ళోని కాగితం కేసి చూసింది. ఇంకా పది నిమిషాలుంది. ఆయన మళ్ళీ అడిగాడు. మూడో గడిలో మొదటి గీత పడబోతోంది, గొంతులో మాట కదిలింది, ఇంతలో ఆ చివర నుంచి ఒక గొంతు, తొందర లేనిది, నిలకడైనది, ఈమె చిన్నప్పుడు ఎక్స్ఛేంజికి ఫోను చేసి ఊరికే విని పెట్టేసిన గొంతు.

"చెప్పండి, ఎక్కడికి కావాలి?"

"చూపు పరీక్షకండీ."

"ఉండండి, కదలకండి. గీత అయిపోయిందని కంగారుపడకండి. అక్కడ తలెత్తండి. గోడ మీద ఏమీ కనబడదు, కనబడకూడదు. దాన్నలా వదిలేసి చివరిదాకా చూడండి. నీలంగా కనబడిందా?"

"ఆ, కనబడిందండీ."

"వచ్చెయ్యండి."

మిగిలిన నిమిషాలు గడిచి పదకొండు కొట్టింది. ఆయన అడిగినట్టా, అడగనట్టా, ఏ గడిలో పెట్టాలో తెలియలేదు. కాగితం బెంచీ మీదే వదిలేసి లేచింది. పద్నాలుగు అడుగులు ఎలా నడిచిందో తెలియదు. పక్కన కాకుండా, సరిగ్గా ఎదురుగా, ఆ తెల్ల దీవి నడుమకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. అత్త ముఖంలోకి మెల్లగా గుర్తు వచ్చింది.

"క్లాసన్నావు."

"అబద్ధం చెప్పాను అత్తా. ఆ బాణం కూడా నాదే. పోయిన నెలది. అందంగా ఉందని తిప్పేశాను."

అత్త గొడుగు మడత విప్పి మళ్ళీ చుట్టింది.

"ఈ నీలం గీతో?"

"అదీ నాదే."

"ఊఁ." చెయ్యి చాపింది, గాల్లో ఒకసారి తడుముకుని, ఈమె తల మీద ఆనింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళల్లో తప్పు నంబరు ఇవ్వలేదన్నాను చూడు, అది అబద్ధం. ఒకటిచ్చాను. రాత్రంతా నిద్రపట్టలేదు. ఆ తర్వాతే తాళ్ళకి రిబ్బన్లు కట్టుకుంది." నర్సు పిలిచింది. అత్త లేచి, తలుపు దగ్గర ఆగి, "దుప్పట్లావిడ మంచి మనిషే గీకుడూ. ఆమె గదికి కూడా ఒక గీత వెయ్యి, పాపం ఆవిణ్ణి చూడ్డానికి ఎవరూ రారు" అని లోపలికెళ్ళింది.

నీలం తలుపు మూసుకుంది. ఈమె దానికి నుదురు ఆనించి నిలబడింది, బొప్పి కట్టిన చోటే. లోపల దీపాలు వెలగడం మొదలైనట్టుంది. టిక్. అత్త ఒకటి అందుకుంది. టిక్. ఇంకోటి. ఆ తర్వాత చప్పుడు లేదు, ఇంకా లేదు, ఎక్కడో ఒక దీపం వెలిగి, ఎవరూ అందుకోక ఆరిపోతోంది. టిక్. ఇన్నాళ్ళూ ఖాళీ ఎంత గొప్పదో నేర్చుకుంది, ఇందాకే కళ్ళారా చూసింది. ఇప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని, ఒక్కో చప్పుడుకీ మరో చప్పుడుకీ మధ్య ఉన్న ఖాళీ తగ్గాలని, ఇంకొంచెం తగ్గాలని, ఎవరికన్నది తనకే తెలియకుండా దణ్ణం పెడుతూ వింటోంది. టిక్. టిక్.